క్లినిక్కా, పీహెచ్‌డీనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. న్యూరో ఫిజియోథెరపీలో ఎంపీటీ (పీజీ) చేసి నెల్లూరులో ఓ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఐదు నెలల కిందట నాయనకు మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు గానీ, కంచంలో ఎడమ పక్క అన్నం అలాగే వదిలేసి ఇంకాస్త పెట్టమంటారు. మొండితనమని అమ్మ కసురుకుంటోంది. నాకేమో మెదడు, పునరావాసం మీద పీహెచ్‌డీ చేసి ఆ దారిలోనే అధ్యాపకురాలిని కావాలని ఉంది. మామయ్య నెల్లూరు పొగతోటలో క్లినిక్ పెట్టిస్తాను, పెళ్లి చేసుకో అంటున్నారు. నాది స్వార్థమని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు.

జవాబు: ముందు నాయన సంగతి. అది మొండితనం కాదు. కుడి మెదడు, అందులోనూ పెరైటల్ భాగం దెబ్బతింటే ఎడమ వైపు అనేది ఒకటుందన్న ధ్యాసే పోతుంది. కన్ను పనిచేస్తున్నా మనసు అటు పోదు. దీన్నే నెగ్లెక్ట్ అంటారు. అదేమిటో మీకు తెలుసు, అమ్మకు తెలియదు. చెప్తే నమ్మకపోవచ్చు, చూపించండి. కాగితం మీద గుండ్రం గీసి, గడియారం అంకెలు వేయమని నాయనను అడగండి. అంకెలన్నీ కుడి సగంలోనే ఇరికిస్తే అమ్మకు వేరే వివరణ అక్కర్లేదు. చూపులోనే ఎడమ సగం పోయి ఉండొచ్చు కూడా. కంటి డాక్టరు దగ్గర ఫీల్డ్ పరీక్ష (చూపు ఏ మేర కనబడుతుందో చూసేది) చేయించండి.

కంచం తిప్పి పెడితే ఆ పూట గడుస్తుంది, అలవాటు మారదు. కంచం ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, అది కనబడేదాకా తల తిప్పించి, కనబడ్డాకే మొదటి ముద్ద తిననివ్వండి. మూడు పూటలా ఇదే జరగాలి. ఎడమ చెయ్యి పట్టి లాగి లేపొద్దని అమ్మకు గట్టిగా చెప్పండి, భుజం కీలు జారుతుంది. బండి తాళాలు ఆయన చేతికి ఇవ్వొద్దు.

ఇక మీ చదువు. ఆసుపత్రి గదిలో ఎడమకు చూడటం నేర్చిన మనిషి, ఇంటికొచ్చాక ద్వారబంధానికి ఎడమ భుజం ఎందుకు కొట్టుకుంటాడు? మీకు కావలసిన పరిశోధన ఇందులోనే ఉంది. చూపును 10 డిగ్రీలు కుడికి జరిపే పట్టకాల కళ్లద్దాలు పెట్టి కాసేపు వేలితో గురిచూపిస్తే, అద్దాలు తీశాక కూడా నెగ్లెక్ట్ తగ్గిందని 1998లో ఫ్రాన్స్‌లో రోసెట్టి బృందం చూపింది. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. ఎవరికి పనిచేస్తుంది, ఎందుకు అని కాగ్నిటివ్ న్యూరోసైన్స్, అంటే ధ్యాస, ఆలోచన మెదడులో ఎలా నడుస్తాయో చూసే శాస్త్రం అడుగుతుంది. అన్నం తినడంలో, చొక్కా తొడుక్కోవడంలో తేడా వచ్చిందా అని పునరావాస శాస్త్రం అడుగుతుంది. రెండూ తెలిసి, రోగితో తెలుగులో మాట్లాడగలిగినవాళ్లు బాగా తక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులపై సువర్ణ అల్లాడి బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం చూడండి. స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలు వచ్చినవారిలో 40.5 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం. మన మధ్య ఉండే రోగులే ప్రపంచానికి పనికొచ్చే జవాబులు ఇచ్చారు.

మీ లోటు ఎక్కడో కూడా చెప్పాలి. ఎంపీటీలో స్టాటిస్టిక్స్, ప్రయోగం రూపొందించడం పైపైన నేర్పుతారు. ఇంటర్వ్యూలో ఎక్కువమంది తడబడేది అక్కడే. ఆరు నెలలు రోజూ గంట కేటాయించి డేటా లెక్కలకు వాడే ‘ఆర్’గానీ పైథాన్‌గానీ నేర్చుకోండి, ఉచితంగా దొరికే సైకోపై అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్న ప్రయోగం కట్టి చూడండి. ఏదైనా ప్రాజెక్టులో ఏడాది ఉద్యోగం దొరికితే ఇంకా మేలు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అలహాబాద్ యూనివర్సిటీ, గాంధీనగర్, కాన్పూర్ ఐఐటీలు, బెంగళూరు నిమ్హాన్స్ చూడండి. కానీ సంస్థ పేరు కంటే గైడు ముఖ్యం. నెలకు ఎంతమంది కుడి మెదడు స్ట్రోక్ రోగులు దొరుకుతారు, ఎథిక్స్ కమిటీ అనుమతికి ఎన్నాళ్లు పడుతుంది, ఆయన దగ్గర చేరినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఈ మూడూ అడగండి. ఇలాంటి పీహెచ్‌డీలు రోగులు దొరక్క ఆగిపోవచ్చు. బస్సు ఛార్జీ పెట్టుకుని రెండోసారి రారు. కాగితం మీద చెప్పిన అక్షరాలను వెతికి కొట్టేసే నెగ్లెక్ట్ పరీక్ష చదువురాని రైతు చేయలేడు, బొమ్మలతో చేసేది ఎంచుకోవాలి.

డబ్బు లెక్క: 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, మూడో ఏడాది నుంచి 42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. నోటిఫికేషన్‌లో ఎంపీటీ అర్హతగా ఉందో లేదో ముందే చూసుకోండి. ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి ఆగుతుంది, అయిదు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్లండి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కూడా ఉంది గానీ, ఆసుపత్రి డ్యూటీ చేస్తూ రోగుల డేటా సేకరించడం కష్టం. దాన్ని మేం సలహా ఇవ్వం.

పెళ్లికి చదువు అడ్డు కాదు, దాచడమే అడ్డు. సంబంధం మాట్లాడేటప్పుడే అబ్బాయికి మీ నోటితో చెప్పండి. పెళ్లయ్యాక ఒప్పిద్దాంలే అని ఎవరన్నా ఒప్పుకోకండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మహిళలకు గడువు మీద మరో రెండేళ్లు, మొత్తం మీద 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. పెళ్లయి వేరే ఊరు పోతే పరిశోధన డేటాను అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. ఐఐటీలు, నిమ్హాన్స్‌కు సొంత నిబంధనలుంటాయి, విడిగా కనుక్కోండి.

మీది స్వార్థం కాదు. అయితే అమ్మ భయం కూడా నిజమే: మీరు వెళితే పగలంతా ఆమె ఒక్కతే. హైదరాబాద్ అయితే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రికి రాత్రి రావచ్చు. అది చెప్పినంత మాత్రాన ఆమె భారం తీరదు. మామయ్య ఇస్తానన్నది కాదనకండి, వేరేగా అడగండి. క్లినిక్ అడ్వాన్సుకు అనుకున్న డబ్బులో కొంత, నాయన దగ్గర పగటిపూట ఉండే మనిషికి ఏడాది జీతంగా ఇవ్వమనండి. మీరు వెళ్లకముందే ఆ మనిషిని పెట్టి, కనీసం నెల రోజులు పక్కనుండి పని నేర్పండి.