హెచ్‌పీవీ టీకాపై డాక్టర్లే తలోమాట చెబుతుంటే ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయికి 13 ఏళ్లు. హెచ్‌పీవీ టీకా వేయించమని నల్లగొండలో పిల్లల డాక్టర్ చెప్పారు. మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ మాత్రం ‘పెళ్లయ్యాక చూద్దాం’ అన్నారు. ఖమ్మంలో ఈ టీకా వేశాక పిల్లలు చనిపోయారని కూడా విన్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే వేయించండమ్మా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్)లోని 16, 18 నంబర్ల రకాలను ఈ టీకా అడ్డుకుంటుంది. అయితే అప్పటికే సోకిన వైరస్‌ను ఇది తొలగించలేదు. ఆ వైరస్ ముఖ్యంగా లైంగిక కలయిక వల్లే సోకుతుంది కాబట్టి, పెళ్లయ్యాక చూద్దామంటే టీకా ప్రయోజనంలో చాలా భాగం చేజారినట్టే. పైగా 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు; 15 నిండితే మన దేశంలో సాధారణంగా మూడు డోసులు వేస్తారు.

మీ డాక్టర్ సందేహానికి కారణం లేకపోలేదు. ఈ టీకా మన దేశంలోకి వచ్చిందే 2008లో. అంతకు ముందు చదువుకున్న వైద్యులకు ఇది పాఠాల్లో లేదు. పెళ్లికాని పిల్ల ముందు, తల్లిదండ్రుల ముందు లైంగిక విషయం ఎత్తడానికి మాలో చాలామందిమి ఇప్పటికీ జంకుతాం. ఆ మొహమాటం వల్ల ఆడపిల్లలకు జరిగే నష్టం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఇక ఖమ్మం సంగతి. 2009లో అక్కడ ఒక పరిశీలన కార్యక్రమం కింద బాలికలకు ఈ టీకా వేశారు. కొందరు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు తాగడం వంటివి ఆ మరణాలకు కారణాలని, టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ తేల్చింది. కానీ తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లతో అంగీకార పత్రాల మీద సంతకాలు చేయించడం పెద్ద తప్పు. జనంలోనూ వైద్యుల్లోనూ అప్పుడు పుట్టిన అనుమానం ఇంకా పోలేదు. అందుకే మీరు అన్నీ అడిగి, తెలుసుకున్నాకే సంతకం చేయండి.

టీకాకు పరగడుపున తీసుకెళ్లకండి. కొందరు పిల్లలకు కళ్లు తిరుగుతాయి కాబట్టి వేయించాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి. మీకు 30 ఏళ్లు దాటి ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో మీరూ గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోండి. టీకా వేయించుకున్నా మీ అమ్మాయికి కూడా ఆ వయసులో ఈ పరీక్ష అవసరమే.