జాగ్ సీరియల్‌లో చూపించినట్టే నిజం కోర్టు మార్షల్ ఉంటుందా? అందులో ఎవరి నటన నిజానికి దగ్గరగా ఉంది?

ఉండదు. జాగ్ అంటే అమెరికా నేవీ లాయర్ల మీద తీసిన టీవీ సీరియల్, కోర్టు మార్షల్ అంటే సైన్యం తన మనుషుల్ని తానే విచారించే కోర్టు. నటుల గురించి కూడా అడిగారు కాబట్టి అదీ ముందే చెప్పేస్తాను. అందులో నాకు అచ్చమైన మిలటరీ మనిషిలా కనిపించింది హీరో కాదు, హీరోయినూ కాదు. బడ్ రాబర్ట్స్. ఆ వేషం వేసింది పాట్రిక్ లాబోర్టో. మిగతావాళ్ళ మీద ఎంతైనా వాదించుకుందాం, బడ్ జోలికి మాత్రం రాకండి.

మీ అమ్మాయి లా చదువుతోందని, ఈ సీరియల్ చూసి ఆర్మీ లీగల్ బ్రాంచిలో చేరతానంటోందని రాశారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను ఆర్మీలో క్లర్క్‌గా చేరి హవల్దారుగా రిటైరయ్యాను. లాయర్ని కాదు. కానీ కోర్టు మార్షల్ జరిగే గదిలో టైప్‌రైటర్ ముందు కూర్చున్నవాణ్ణి. సీరియల్ మాత్రం రిటైరయ్యాకే చూశాను, అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో. బయట మంచు, కాలు బయట పెట్టడానికి లేదు, తెలుగు చానళ్ళలో అవే చర్చలు. "మామయ్యా, మీ డిపార్ట్‌మెంట్ సీరియల్" అని మా అల్లుడు పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పది సీజన్లు, 227 ఎపిసోడ్లు. 1995లో ఎన్‌బీసీ అనే చానల్లో మొదలైంది, ఒక్క సీజన్‌కే వాళ్ళు వద్దనుకుంటే సీబీఎస్ చానల్ తీసుకుంది, 2005 దాకా నడిచింది. దీని కడుపున పుట్టిందే నేవీ నేరాల దర్యాప్తు సీరియల్ ఎన్‌సీఐఎస్. ఇప్పుడు పిల్లని అందరూ ఎరుగుదురు, తల్లి పేరు చెబితే "అదేంటి?" అంటారు.

హీరో హార్మన్ రాబ్‌గా డేవిడ్ జేమ్స్ ఎలియట్. మనిషి ఎత్తరి, తెల్ల యూనిఫాం వేస్తే కళ్ళు తిప్పుకోలేం. కథలో ఆయన ఎఫ్-14 యుద్ధవిమానం పైలట్. రేచీకటి వల్ల విమానం కూలిపోతే లా చదివి నేవీ లాయరయ్యాడు. అక్కడిదాకా బాగుంది. తర్వాత ఆయన కేసూ వాదిస్తాడు, దర్యాప్తూ చేస్తాడు, మధ్యలో మళ్ళీ విమానమూ ఎక్కేస్తాడు. ఒకసారి కోర్టు హాల్లోనే ఆటోమేటిక్ తుపాకీతో సీలింగ్‌లోకి కాల్చాడు. మా దగ్గరైతే ఊడిన పెచ్చుకే ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెట్టి, ఆ డబ్బు ఎవరి జీతంలోంచి కొయ్యాలో తేల్చేసరికి ముద్దాయి పెన్షన్‌కి వచ్చేసేవాడు.

ఇక కోర్టు మార్షల్ ఎలా ఉంటుందంటే, నిదానంగా ఉంటుంది. ఆ నిదానం టీవీలో చూపించలేరు.

నేను కూర్చున్న వాటిలో ఒకటి చెబుతాను. యూనిట్ పేరు, ఊరు చెప్పను. జనరల్ కోర్టు మార్షల్. స్టోర్లో పనిచేసే నాయక్ ర్యాంకు జవాను ఒకడి మీద సర్కారు సామాను దొంగిలించాడని కేసు. హాలంటే ట్రైనింగ్ క్లాసు జరిగే గదే. బల్లలు కలిపి మీద కంబళి పరిచారు. ఒక వరసలో ఆఫీసర్లు కూర్చున్నారు, మధ్యలో ప్రిసైడింగ్ ఆఫీసర్. జనరల్ కోర్టు మార్షల్‌కి కనీసం అయిదుగురు ఆఫీసర్లు ఉండాలి, ఒక్కొక్కరికీ మూడేళ్ళకు తక్కువ కాకుండా సర్వీసు ఉండాలి. పక్కన జడ్జ్ అడ్వొకేట్, అంటే మన ఆర్మీ లీగల్ బ్రాంచి మేజర్ సాబ్. ఆ బ్రాంచినీ జాగ్ అనే అంటారు. ఆయన చట్టం చెబుతాడు, ఓటు మాత్రం వెయ్యడు. సీరియల్‌లో జాగ్ వాళ్ళే అన్నీ అన్నట్టు ఉంటుంది కానీ, ఇక్కడ తీర్పిచ్చేది లా చదవని మామూలు ఆఫీసర్లు. తోపఖానా ఆయన ఉంటాడు, సిగ్నల్స్ ఆయన ఉంటాడు.

ముద్దాయి ఇంటివాళ్ళు అప్పో సొప్పో చేసి సిటీ నుంచి ఒక సివిల్ వకీల్‌ని పెట్టారు. మంచి పేరున్న క్రిమినల్ లాయరట. సాక్షి మా యూనిట్ సుబేదార్ సాబ్. వకీల్ లేచాడు, సినిమాలో లాగా వరసపెట్టి మూడు ప్రశ్నలు విసిరాడు. స్టోరుకి తాళాలు ఎన్ని? రెండో తాళం చెవి ఎక్కడుంటుంది? ఆ చెవి పెట్టిన కవరు మీద సీలు ఎప్పుడు మార్చారు? గొంతు పెంచాడు, వేలు చూపించాడు.

మేజర్ సాబ్ తలెత్తకుండానే, "వకీల్ సాబ్, ఒక్కొక్కటీ అడగండి. అతను టైప్ చెయ్యాలి" అన్నాడు.

అతనంటే నేనే. కార్బన్లు సర్దుకుని మొదటి ప్రశ్న కొట్టాను, దాని జవాబు కొట్టాను. హాల్లో టైప్‌రైటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. వకీల్ నిలబడే ఉన్నాడు, చూపిస్తున్న వేలు ఏం చెయ్యాలో తెలీక కోటు జేబులో పెట్టుకున్నాడు. రెండో ప్రశ్నకీ అంతే. చెప్పిందంతా అయ్యాక సాక్షికి చదివి వినిపించాలి, అది రూలు. ఏదైనా తప్పుంటే దిద్దించుకోవచ్చు. కాబట్టి సాక్షిని హడావుడి పెట్టి నోరు జారేలా చెయ్యడం అనేది అక్కడ కుదిరే పని కాదు. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వకీల్ గొంతు మామూలైపోయింది. "సీలు ఎప్పుడు మార్చారు సాబ్?" అని మెల్లగా అడిగాడు.

సుబేదార్ సాబ్ వెంటనే చెప్పలేదు. నేను ప్రశ్న కొట్టి, జవాబు కోసం తల పైకెత్తి కూర్చున్నాను. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ప్రిసైడింగ్ ఆఫీసర్ పెన్ను కింద పెట్టేశాడు. అప్పుడు సుబేదార్ సాబ్, "రిజిస్టర్లో తారీఖు లేదు సాబ్" అన్నాడు. నేను ఆ నాలుగు మాటలూ కొట్టేసరికి కేసు సగం తేలిపోయిందని గదిలో అందరికీ తెలిసింది. ఎవరూ టేబుల్ గుద్దలేదు, ఎవరూ "అబ్జెక్షన్" అనలేదు.

తీర్పుకి ముందు అందరినీ బయటికి పంపించేస్తారు, టైపిస్టుతో సహా. లోపల అభిప్రాయం చెప్పడం జూనియర్ ఆఫీసర్‌తో మొదలవుతుంది. పెద్దాయన ముందు చెబితే చిన్నవాళ్ళు సై అంటారని. మన సివిల్ ఆఫీసుల మీటింగుల్లోనూ ఈ పద్ధతి పెడితే బాగుపడతాం, కానీ ఎవరు వింటారు. మళ్ళీ లోపలికి పిలిచి, నేరం రుజువు కాలేదు, కానీ ఇది పైవారు కన్‌ఫర్మ్ చేస్తేనే చెల్లుతుంది అని చదివారు. ఆ నాయక్ సావధాన్‌లో, అంటే అటెన్షన్‌లో నిలబడి నవ్వాలో వద్దో తెలీనట్టు చూశాడు. బయటికొచ్చాక, "ఇంటికి ఫోన్ చేసి చెప్పనా?" అని నన్ను అడిగాడు. ఏం చెప్పను? ఆ ఫైలు పైకి వెళ్ళి సంతకమై తిరిగి రావడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ వాడు నిర్దోషీ కాదు, దోషీ కాదు. సీరియల్‌లో అయితే నలభై అయిదు నిమిషాల్లో తీర్పు, చేతులు కలుపుకోవడం, బయట సూర్యాస్తమయం.

ఇది జనరల్ కోర్టు మార్షల్ కాబట్టి ఈ మాత్రమైనా మర్యాద ఉంది. సమ్మరీ కోర్టు మార్షల్ అని ఇంకొకటుంది, సీఓ సాబ్, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే కోర్టు. జవాన్లకి, ఎన్‌సీఓలకి (నాయక్, హవల్దారు లాంటివాళ్ళకి) మాత్రమే అది, జేసీఓలకీ (సుబేదార్ లాంటివాళ్ళకీ) ఆఫీసర్లకీ లేదు. ఏడాది దాకా జైలు వెయ్యొచ్చు, కన్‌ఫర్మేషన్ కూడా అక్కర్లేదు. ముద్దాయికి సాయంగా ఒకరు పక్కన కూర్చోవచ్చు, చెవిలో సలహా చెప్పొచ్చు, కానీ లేచి మాట్లాడకూడదు, సాక్షిని ప్రశ్నించకూడదు. అమెరికాలో మామూలు సిపాయి ముద్దాయి అయితే, తీర్పు చెప్పే ప్యానెల్లో మూడోవంతు తనలాంటి నాన్-ఆఫీసర్లు ఉండాలని అడిగే హక్కు ఉంది. ఇక్కడ అందరూ ఆఫీసర్లే. సీరియల్ చూస్తున్నంతసేపూ నాకు కడుపు మండింది ఈ ఒక్కదానికే. విమానాల స్టంట్లు మనకి రాకపోయినా ఫరవాలేదు, ఆ మూడోవంతు వస్తే చాలు.

అప్పీలుకి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ వచ్చింది, 2009 నుంచి పనిచేస్తోంది. మంచిదే. కోర్టు మార్షళ్ళే కాదు, పెన్షన్ తగాదాలూ అక్కడే. ఆ కాయితాలు పట్టుకుని తిరిగిన నా తోటివాళ్ళ సంగతి రాస్తే ఇంకో పెద్ద జవాబు అవుతుంది, వదిలేద్దాం.

నటుల దగ్గరికి వద్దాం. కల్నల్ సారా మెకెంజీగా క్యాథరీన్ బెల్. కథలో ఆవిడ మెరైన్, అంటే నేవీతో కలిసి పనిచేసే సైనిక దళం ఆఫీసర్. ఈవిడ ముందు మొదటి సీజన్ చివర్లో వేరే పాత్రలో వచ్చి హత్యకి గురవుతుంది, హీరో ప్రేమించిన అమ్మాయి. రెండో సీజన్‌లో అదే మొహంతో మెకెంజీగా దిగింది. కథలో కూడా, "నువ్వు అచ్చం ఆమెలా ఉన్నావు" అని సర్దేశారు. మా ఆవిడకి ఇది తెగ నచ్చింది, మన సీరియళ్ళకేం తీసిపోలేదంది. క్యాథరీన్ బెల్ తల్లి ఇరాన్ మనిషి, ఆవిడకి ఫార్సీ నిజంగానే వచ్చు, పాత్రకీ అది అంటగట్టారు. నడక, సెల్యూట్ బాగా చేసింది. అడ్మిరల్ చెగ్విడెన్‌గా జాన్ ఎం. జాక్సన్ కూడా సరిగ్గా సరిపోయాడు. గట్టిగా అరిచే సీఓ కంటే, ఆయనలా కళ్ళద్దాల మీంచి చూసి "ఊఁ" అనే సీఓ అంటేనే మాకు టెన్షన్. ఈ సీరియల్ సృష్టికర్త డొనాల్డ్ బెల్లిసారియో కూడా మెరైన్స్‌లో పనిచేసినవాడే, అందుకే ఇలాంటి చిన్న చిన్న సంగతులు కుదిరాయి. మన తెలుగు సినిమాల్లో మేజర్ గారికి చెవులు కప్పేసే జుట్టు, మూడు రోజుల గడ్డం. ఒక్క నాపితుణ్ణి సెట్లో పెట్టుకుంటే పోయేదానికి.

ఇక బడ్. మొదట్లో నౌక మీద ప్రెస్ వాళ్ళని చూసుకునే జూనియర్ ఆఫీసర్. మాట తడబడుతుంది, స్టార్ ట్రెక్ పిచ్చి. హారియట్‌ని పెళ్ళి చేసుకుని కొడుక్కి అడ్మిరల్ పేరు పెట్టుకుంటాడు. చేతిలో ఎప్పుడూ ఫైళ్ళే. యూనిట్లో నిజంగా పని నడిపేది ఇలాంటివాళ్ళే, ఫొటోల్లో చివర నిలబడేదీ వాళ్ళే. ఏడో సీజన్ చివర్లో అఫ్గానిస్తాన్‌లో ఒక పిల్లాణ్ణి కాపాడబోయి మందుపాతర మీద కాలేస్తాడు, ఆ కాలు పోతుంది. అక్కణ్ణుంచి లాబోర్టో చేసింది చూడండి. కృత్రిమ కాలు పెట్టించుకుని డ్యూటీకి తిరిగొస్తాడు, అయినా సర్వీసులో ఉంచుతారా పంపేస్తారా అన్న భయం మొహంలోంచి పోదు. మెడికల్ కేటగిరీ, అంటే డాక్టర్లు ఇచ్చే ఫిట్‌నెస్ గ్రేడు, పడిపోయిన జవాను మొహంలో ఉండే భయమే అది. మెడికల్ బోర్డు ముందు షర్టు విప్పి నిలబడ్డవాళ్ళని దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. మిగతా నటులు యూనిఫాం వేసుకున్నారు, ఇతను ఉద్యోగం చేశాడు.

చివరి ఎపిసోడ్‌లో హీరోకి లండన్ పోస్టింగు, హీరోయిన్‌కి శాన్ డియాగో. పెళ్ళి చేసుకోవాలంటే ఎవరో ఒకరు ఉద్యోగం వదలాలి. నాణెం వేస్తారు, అదీ బడ్ చేతే. నాణెం గాల్లో ఉండగానే సీరియల్ అయిపోయింది. మా ఆవిడ రిమోట్ సోఫాలో పడేసి లేచి వెళ్ళిపోయింది. 2019లో ఎన్‌సీఐఎస్ లాస్ ఏంజెలెస్‌లో ఆ ఇద్దరూ మళ్ళీ కనిపించారు, కలిసి మాత్రం లేరు. ఆ సంగతి ఆవిడకి నేనింకా చెప్పలేదు. ఉద్యోగం చేసే భార్యాభర్తలకి ఆర్మీ పోస్టింగులు ఎలా ఉంటాయో చూస్తే, ఈ సీరియల్‌లో నిజానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఆ చివరి పది నిమిషాలే అంటాను.

మీ అమ్మాయి విషయం. ఎల్‌ఎల్‌బీలో 55 శాతం ఉండాలి, వయసు 21 నుంచి 27 లోపు. ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంచే బోర్డు ఇంటర్వ్యూ, మెడికల్, ఆ తర్వాత చెన్నైలో ఓటీఏ అనే ఆఫీసర్ల అకాడమీలో ట్రైనింగ్. మిగతా షరతులు ఏటికేడాది మారుతుంటాయి, నోటిఫికేషన్ చదువుకోమనండి. ఇన్నాళ్ళూ జాగ్ బ్రాంచిలో మగవాళ్ళకి ఎక్కువ సీట్లు, ఆడవాళ్ళకి తక్కువ పెట్టేవారు. అలా కుదరదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది, కాబట్టి టైము బాగానే ఉంది. ఆర్మీ యాక్టు, ఆర్మీ రూల్సు ఇప్పట్నుంచే తిరగెయ్యమనండి. పొద్దున్నే పరుగెత్తమనండి, అక్కడ లాయరైనా పరుగు తప్పదు. ఆర్మీలోకి ఎందుకు రావాలనుకుంటున్నావని ఎస్ఎస్‌బీలో అడిగితే మాత్రం సీరియల్ పేరెత్తొద్దని చెప్పండి.