గది అద్దె దాటితే బిల్లంతా సగమేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఆయన పేరున 3 లక్షల రూపాయల ఆరోగ్య బీమా కడుతున్నాం. ఈ మధ్య హెర్నియా ఆపరేషన్‌కు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే 1,84,000 రూపాయల బిల్లయింది. పాలసీలో గది అద్దె రోజుకు 3,000 వరకేనట. మేము 6,000 గది తీసుకున్నామని బిల్లంతా సగానికి కోసి 92,000 మాత్రమే ఇచ్చారు. ఇది న్యాయమా? ఈ పాలసీ మానేసి వేరే కంపెనీకి మారమంటారా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కోత వేసే హక్కు కంపెనీకి ఉన్నమాట నిజమే గానీ, మీరు జతపరచిన బిల్లు చూస్తే వేయవలసిన దానికన్నా ఎక్కువే వేసినట్టు కనిపిస్తోంది. చాలా ఆసుపత్రుల్లో ఒకే సర్జన్ ఒకే ఆపరేషన్ చేసినా జనరల్ వార్డు రోగికి ఒక ఫీజు, ప్రత్యేక గదిలోని రోగికి మరో ఫీజు వేస్తారు. అందుకే పరిమితికి మించిన గది తీసుకుంటే, గదిని బట్టి పెరిగే ఖర్చులన్నింటినీ అదే దామాషాలో తగ్గిస్తామని పాలసీలో రాస్తారు. పాలసీ అమ్మేటప్పుడు ఈ సంగతి విడమరిచి చెప్పే ఏజెంటు అరుదు.

అయితే మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాల ధరలను ఈ కోతలో కలపకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. ఐసీయూ ఛార్జీలకూ ఈ కోత వర్తించదు. మీ బిల్లులో గది అద్దె 24,000, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ ఛార్జీలు కలిపి 80,000, మందులు, పరీక్షలు 58,000, లోపల అమర్చిన మెష్ (హెర్నియా చోట వేసే వల) 22,000 ఉన్నాయి. మొదటి రెండింటిలో సగం, అంటే 52,000 కోసినా, తక్కిన 80,000 పూర్తిగా రావాలి. ఆ లెక్కన మీకు అందవలసింది 1,32,000. గ్లౌజుల వంటి చిల్లర ఖర్చులు తీసేసినా 40,000కు దగ్గరగా మీకు బాకీ ఉన్నారు. అన్ని గదులకూ ఒకే ఫీజు తీసుకునే ఆసుపత్రి అయితే ఫీజుల మీద కోతే చెల్లదు కనుక, ఆ విషయం ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

పాలసీ పత్రంలో దామాషా కోత నిబంధన ఉన్న పేజీని, ఈ లెక్కను జతచేసి ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు విచారించే అధికారిని) ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనివే. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, కానీ ఏడాది గడువు దాటనివ్వకండి.

ఇక పాలసీని మాత్రం కోపంతో మానేయకండి. 64 ఏళ్ల వయసులో కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. దానికి బదులు పోర్టబిలిటీ కింద, అంటే పాత పాలసీకి కొనసాగింపుగా కంపెనీ మారితే, పాత 3 లక్షల బీమా మేరకు ఈ తొమ్మిదేళ్లూ లెక్కలోకి వస్తాయి. రెన్యువల్‌కు నెలన్నర ముందే గది అద్దె పరిమితి లేని పాలసీకి దరఖాస్తు చేసి, ఈ ఆపరేషన్ సంగతి దాచకుండా రాయండి. తిరస్కరించే అధికారం కొత్త కంపెనీకి ఉంది కనుక, వారి అంగీకారం కాగితం మీద చేతికి వచ్చేవరకు పాత ప్రీమియం గడువు తప్పనివ్వకండి.