70 ఏళ్ల సగటు చూసి ఆరోగ్య బీమా ఆపేస్తారా?

కావలి నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 60. రైస్‌మిల్లులో లెక్కలు చూసేవారు, ఈ మధ్యే మానేశారు. సొంతిల్లు ఉంది, చేతిలో 34 లక్షలున్నాయి. నెల ఖర్చు 30 వేలు. భార్యకు 54 ఏళ్లు, షుగర్ ఉంది. ‘సగటు ఆయుర్దాయం 70 అని పేపర్లో చదివాను. ఇంకో పదేళ్లకు ఈ డబ్బు చాలదా? ప్రీమియం 41 వేలు కట్టమంటే ఏడాది క్రితం ఆరోగ్య బీమా ఆపేశాను. మా బావమరిది రొయ్యల చెరువు లీజులో వాటా ఇస్తానంటున్నాడు. నావి 15 లక్షలు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇంకో 5 లక్షలు పెట్టమంటారా?’ అని అడిగారు.

వద్దండీ. చెరువు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ 70 సంగతి చూద్దాం. ఇదే లెక్క వేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఉన్నారు.

పేపర్లో వేసేది పుట్టినప్పటి ఆయుర్దాయం. పురిట్లో పోయిన బిడ్డ, పాతికేళ్లకే హైవే మీద పోయిన కుర్రాడు కూడా ఆ సగటులో ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో అది 32 ఏళ్లు. అప్పటివాళ్లంతా 32కే పోయారా? మీ తాతగారు, ఆయన అన్నదమ్ములు ఎన్నాళ్లున్నారో గుర్తుచేసుకోండి. పసిబిడ్డలు ఎక్కువమంది పోయేవారు, అందుకే సగటు అంత తక్కువ. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చి, 2016-20 లెక్కల నాటికి 70కి చేరింది. జనం ఆరోగ్యం ఎలా ఉందో, ఏ రాష్ట్రం వెనకబడిందో చూడటానికి అది మంచి కొలత. మీ ఇంటి ఖర్చుకు గడువు మాత్రం కాదు. ఆ గండాలన్నీ దాటి మీరు 60కి వచ్చారు. 60కి చేరినవాళ్లు మన దేశంలో సగటున ఇంకో 18 ఏళ్లు ఉంటున్నారు, చాలామంది అంతకన్నా ఎక్కువే. మీ ఆవిడ 85 దాకా ఉంటే ఆమెకు ఇంకా 31 ఏళ్లు గడవాలి. ఖర్చు ఏటా 6 శాతం పెరిగితే ఈ 30 వేలు 12 ఏళ్లకు 60 వేలవుతాయి, 24 ఏళ్లకు లక్షా ఇరవై వేలు.

ఆ 70 అనే అంకె చెప్పనిది ఇంకొకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల్లో భారతీయుల ఆయుర్దాయం 70.8 ఏళ్లు, అందులో ఆరోగ్యంగా గడిచేవి 60.3. మిగతా పదేళ్లు జబ్బుల పాలు. మా మేనమామది కనిగిరి దగ్గర పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. 50 దాటేసరికి మెడ తిరిగేది కాదు, వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవాడు. 81 దాకా ఉన్నాడు. ఆయుర్దాయం లెక్కలో అవి నిండు 81 ఏళ్లే. చివరి ఆరేళ్లు మంచంలోనే. ముందు మా అత్త గొలుసు పోయింది, తర్వాత గాజులు, ఆ తర్వాత అరెకరం.

అందుకే పాలసీ ఆపడం నాకు చాలా బాధ కలిగించింది. 41 వేలు మిగిలాయనుకున్నారు గానీ, అన్నేళ్లు కట్టి దాటిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు బీమా వర్తించని మొదటి కాలం) పోయింది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అయినా తీసుకోండి, ఈ వారంలోనే. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. 70 నిండితే ఆయుష్మాన్ కార్డు మీద 5 లక్షల దాకా వైద్యం దొరుకుతుంది కదా అంటారేమో. మీకు పదేళ్లు ఆగాలి, మీ ఆవిడకు 16 ఏళ్లు. ఈలోపు ఆమెకు ఏదైనా అయితే? పాలసీతో పాటు 5 లక్షలు ఇద్దరి పేరునా ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకునేలా, ఎఫ్‌డీ వేసి ఉంచండి. పెళ్లిళ్లకు, చేబదుళ్లకు దాన్ని కదపొద్దు.

ఇక చెరువు. 5 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 10 వేలు, ఏడాదికి 1.2 లక్షలు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వస్తే వారం రోజుల్లో చెరువు ఖాళీ. రొయ్యకు వడ్డీ సంగతి తెలియదు, అప్పిచ్చినవాడు మాత్రం ఒకటో తారీఖుకు గుమ్మం ముందుంటాడు. జీతం ఆగిపోయిన మనిషి అప్పు తెచ్చి చెరువులో పోయడమేమిటి? బావమరిదితో మాట పోతుందని మొహమాటపడొద్దు, ఇవాళే వద్దని చెప్పండి. మీ 15 లక్షలు కూడా అందులోకి పోనివ్వొద్దు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది.

బీమా ప్రపోజల్ ఫారం ఏజెంటును నింపమని వదిలేయకుండా దగ్గర కూర్చోండి. మీ ఆవిడకు షుగర్ ఏ సంవత్సరం బయటపడిందో, ఏ మందులు వాడుతున్నారో ఉన్నదున్నట్టు రాయించి, సంతకం పెట్టేముందు ఇద్దరూ చదవండి.