డ్రెయిన్ బోల్టు మర పోయి ఆయిల్ కారుతుంటే ఛాంబర్ మార్చాల్సిందేనా?

ఆయిల్ మార్పించిన దగ్గర్నుంచి ఇంజిన్ అడుగున పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు కింద చుక్కలు పడుతున్నాయని, బిగిస్తే బోల్టు ఆగకుండా తిరుగుతోందని, మెకానిక్ ఛాంబర్ (ఆ బోల్టు బిగే ఇంజిన్ అడుగు భాగం) మార్చాలంటున్నారని రాశారు. దయచేసి ఇంకోసారి బిగించకండి, బండి బయటికి తీయకండి. దారిలో బోల్టు ఊడితే ఆయిల్ వెనక టైరు మీద పడుతుంది. ఛాంబర్ మాత్రం అప్పుడే కొనకండి. రెండేళ్ల కిందట భీమవరం దగ్గర చెరువుల మీద తిరిగే నా స్ప్లెండర్‌కి అచ్చం ఇదే అయింది.

బోల్టు గట్టిగానే పట్టి, చుట్టూ చెమ్మ మాత్రమే ఉంటే తప్పు వాషర్‌ది. ఒకసారి నలిగిన అల్యూమినియం వాషర్ మళ్లీ సరిగ్గా కూర్చోదు, కొత్తది వేస్తే సరిపోతుంది. మీది పట్టడమే లేదు కాబట్టి మర పోయినట్టే. నాది విప్పినప్పుడు బోల్టు గాడుల్లో సన్నటి వెండి తీగలాంటిది చుట్టుకుని బయటికొచ్చింది. అది ఛాంబర్ మరే. బోల్టు ఉక్కు, ఛాంబర్ అల్యూమినియం. పొడుగు రాడ్డు పెట్టి బిగిస్తే ముందు తెగేది అల్యూమినియమే. అందుకే కొత్త బోల్టు కొన్నా లాభం లేదు. నేను కొని చూశాను, టెఫ్లాన్ టేపు చుట్టాను, చివరికి ఎం-సీల్ పెట్టాను. నాలుగు రోజులు ఆగింది. అయిదో రోజు గట్టు మీద బండి ఆపితే కింద నీళ్లలో రంగురంగుల పొర పరుచుకుంటోంది. సీడ్ వేసి పది రోజులైన రొయ్యల చెరువు అది. ఆ పూట పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

పాలకొల్లులో ఒక లేత్ షాపాయన చూసి, "ఛాంబర్ ఎందుకండీ, హెలికాయిల్ వేసేద్దాం" అన్నారు. పాడైన మరను తొలిచి, కాస్త పెద్ద మర కోసి, అందులో స్టీలు తీగ చుట్టను ఎక్కిస్తారు. మళ్లీ పాత సైజు బోల్టే పడుతుంది. లోపల స్టీలు మర కాబట్టి ముందుకంటే గట్టిగా ఉంటుంది. కొందరు ట్యాప్‌తో, అంటే మర కోసే పనిముట్టుతో, పెద్ద మర కోసి పెద్ద బోల్టు వేసేస్తారు. అది వంకరపోతే వాషర్ ఒక పక్కే ఆని మళ్లీ కారుతుంది. నేనైతే హెలికాయిలే వేయించుకోమంటాను.

దగ్గరుండి చూసుకోవాల్సింది మర కోసేటప్పుడు రాలే అల్యూమినియం రజను. ట్యాప్‌కి గ్రీజు పూయమనండి, రజను దానికే అంటుకుంటుంది. బోల్టు పెట్టే ముందు పైనుంచి కాస్త ఆయిల్ పోసి కిందికి వదలాలి. నా బండికి మూడుసార్లు పోశారు. మొదటిసారి తెల్లగుడ్డ మీద మెరుపులు కనిపించాయి, మూడోసారి లేవు.

ఈ బళ్ల 12 ఎం.ఎం. బోల్టుకు దాదాపు 24 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచి లేకపోతే చేత్తో ఆగేదాకా తిప్పి, 17 నంబర్ స్పానర్‌తో వాషర్ నలిగినట్టు చేతికి తెలియగానే ఆపేయాలి. రాత్రి బండి కింద పేపర్ పరిచి పొద్దున చూడండి. నాకు ఆ తర్వాత అయిదారుసార్లు ఆయిల్ మార్చినా పేపర్ పొడిగానే ఉంటోంది.