చోటు, పని, ఆ తర్వాతే పేరు

నల్లకుంట,
హైదరాబాద్.

అమ్మాయీ,

నువ్వు పంపిన ‘మన శరీరం: తొలి పాఠాలు’ మొత్తం చదివాను. పడ్డ కష్టం ప్రతి పేరాలో తెలుస్తోంది. నర్సింగ్ చదివి, వార్డులో డ్యూటీలు చేస్తూ, మిగిలిన టైంలో తెలుగులో ఆరోగ్యం గురించి రాయాలనుకోవడం నాకెంతో సంతోషంగా ఉంది. నీలాంటి వాళ్లు రాయాలి. అందుకే మొహమాటం లేకుండా నాకు తోచింది చెబుతున్నాను.

మొదటి పేజీలోనే శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, కణం, కణజాలం, అవయవం, వ్యవస్థ, సమస్థితి అన్నీ నిర్వచనాలతో సహా వచ్చేశాయి. ఒక్కటీ తప్పు లేదు. కానీ బైపీసీ పిల్లలు పరీక్ష ముందురోజు తిరగేసే నోట్సులా ఉంది. నీ పాఠకురాలు పరీక్ష రాయదు. వాళ్ల నాన్నకి షుగర్, అమ్మకి మోకాళ్ల నొప్పులు, తనకేమో థైరాయిడ్ ఉందన్నారు. ఆవిడకి ముందుగా తెలియాల్సింది ఆ భాగం ఒంట్లో ఎక్కడుంది, అక్కడ కూర్చుని ఏం చేస్తోంది అన్నది. ఆ రెండూ బోధపడ్డాక పేరు చెప్పు, గుర్తుపెట్టుకుంటుంది. చోటు, పని, ఆ తర్వాతే పేరు. ఈ వరస ఒక్కటి పట్టుకుంటే నీ పాఠాల్లో సగం కష్టం తీరిపోతుంది.

చోటు సంగతి ముందు చూద్దాం. అనాటమీ పుస్తకాల్లో బొమ్మ మనిషి ఎప్పుడూ ఒకేలా నిలబడి ఉంటాడు: నిటారుగా, చూపు ముందుకి, చేతులు పక్కన, అరచేతులు ముందుకి తిప్పి. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అరచేతులు ముందుకే ఎందుకు తిప్పాలో చెప్పలేదు. దాన్ని పాఠకుల చేతే చేయించు. మోచేతిని టేబుల్ మీద ఆనించి అరచెయ్యి పైకి పెట్టమను. రెండో చేత్తో మోచేతి కొన దగ్గర మొదలుపెట్టి, చిటికెనవేలి వైపుగా మణికట్టు దాకా తడుముకుంటూ వెళ్తే చర్మం కిందే ఒక ఎముక అంచు పొడవునా తగులుతుంది. అది అల్నా. ఇప్పుడు అరచేతిని నెమ్మదిగా బోర్లించమను. మోచేతి దగ్గర అల్నా పెద్దగా కదలదు. బొటనవేలి వైపున్న రెండో ఎముక, రేడియస్, దాని మీదుగా అడ్డంగా తిరుగుతుంది. ఇందాక ఒంటికి దూరంగా ఉన్న బొటనవేలు ఇప్పుడు ఒంటివైపుకి వచ్చేసింది!

అంటే ‘చేతికి లోపలివైపు నొప్పి’ అని రాస్తే, చెయ్యి ఎలా పెట్టారన్న దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. ఆ గందరగోళం లేకుండా ఉండటానికే అందరూ ఒకే నిలబడే తీరుకి కట్టుబడ్డారు. ఆ లెక్కలో బొటనవేలి వైపు ఎప్పుడూ బయటివైపే, చెయ్యి ఎటు తిప్పినా సరే. దాన్ని లాటరల్ అంటారు, చిటికెనవేలి వైపుని మీడియల్ అంటారు. చెయ్యి తిప్పి చూసుకున్నవాళ్లకి ఈ రెండు మాటలూ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

కుడి ఎడమలు కూడా ఆ బొమ్మ మనిషివే, చూసే మనవి కావు. లివర్ పేజీలో ఎడమవైపు కనిపిస్తుంది కాబట్టి పక్కనే ‘ఇది ఈ మనిషి కుడివైపు’ అని రాయించు. కిడ్నీలు వెనకవైపు, చివరి పక్కటెముకల దగ్గర ఉంటాయని, పైన లివర్ ఉండటంతో కుడిది కాస్త కిందికి ఉంటుందని చెప్పు. మన ఇళ్లలో కిడ్నీ ఎక్కడుందంటే పొత్తికడుపు ముందు చెయ్యి పెట్టి చూపించేవాళ్లు చాలామంది.

అవయవం ఉన్నచోటే నొప్పి తెలియాలని లేదు. ఇది నీ పాఠంలో ఎక్కడా లేదు, తప్పకుండా చేర్చు. గుండె నుంచి వచ్చే నరాలు, ఎడమ చేతి చర్మం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో కొన్ని చోట్ల ఒకే భాగాల్లోకి చేరతాయి. అందుకే గుండెకి రక్తం అందనప్పుడు చెయ్యి లాగుతుంది. కొందరికి దవడలో, ఇంకొందరికి పొట్ట పైభాగంలో తెలుస్తుంది. పొట్ట పైన అనేసరికి గ్యాస్ అనుకుని, సోడా తాగి, తెల్లారాక చూద్దాంలే అని పడుకునేవాళ్లు ఎందరో. నొప్పితో పాటు చెమటలు పడుతున్నా, ఆయాసం వస్తున్నా ఆగకుండా 108కి ఫోన్ చేయమని ఆ పేరాలోనే రాయి. అనాటమీ పాఠంలో ఇదెందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు.

ఇక పని. ఈ ఊళ్లో రక్తపరీక్షకి చెయ్యి చాపని ఇల్లు ఉండదు. కాబట్టి అక్కడే మొదలుపెట్టు. టెక్నీషియన్ మోచేతి పైన రబ్బరు పట్టీ కడతాడు, పిడికిలి బిగించమంటాడు, మోచేతి మడతలో వేలితో తడుముతాడు. కాసేపటికి నీలంగా ఒకటి ఉబ్బుతుంది. ఎందుకు ఉబ్బింది? గుండె నుంచి రక్తాన్ని తెచ్చే ధమని లోతుగా ఉంటుంది, దానిలో ఒత్తిడి ఎక్కువ, కాబట్టి ఆ మాత్రం పట్టీకి అది మూసుకుపోదు. రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే సిర చర్మం కిందే ఉంటుంది, గోడ పలచన, ఒత్తిడి తక్కువ. అది మూసుకుపోతుంది. వచ్చే రక్తం వస్తూనే ఉంది, పోయే దారి లేదు. ఉబ్బక ఏం చేస్తుంది? సూది సిరలోకే ఎందుకు గుచ్చుతారో కూడా ఇక్కడే తేలిపోతుంది. ధమని, సిర, పైపైన ఉండటం, లోతుగా ఉండటం అన్నీ ఒక్క దృశ్యంలో వచ్చేస్తాయి. నిర్మాణాన్ని ఒక అధ్యాయంలో, పనిని ఇంకో అధ్యాయంలో పెట్టడం నాకు నచ్చదు. గోడ పలచగా ఉండటమూ, ఒత్తిడి తక్కువగా ఉండటమూ ఒకదాన్నొకటి వదిలి ఉండవు.

ఇంకో అడుగు ముందుకి వెయ్యి. చేతిమీద ఉబ్బిన సిర ఒకటి ఎంచుకుని, కింద ఒక వేలితో నొక్కిపెట్టి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపుకి తోసి, ఆ రెండో వేలు తీసేయమను. దారిలో కవాటం, అంటే రక్తాన్ని ఒకవైపుకే పోనిచ్చే తలుపు లాంటిది ఉంటే, ఆ కవాటం దాకా సిర ఖాళీగానే ఉంటుంది, పైనుంచి రక్తం వెనక్కి రాదు. కింద నొక్కిన వేలు తీయగానే నిండుతుంది. 1628లో విలియం హార్వే అనే ఇంగ్లిష్ వైద్యుడు తన పుస్తకంలో బొమ్మలు వేసి మరీ చూపించింది ఇదే. అప్పటిదాకా రక్తం లివర్లో తయారై ఒంట్లో ఖర్చయిపోతుందని నమ్మేవాళ్లు. గుండె ఒక్కో దెబ్బకి ఎంత రక్తం తోస్తుందో లెక్కగట్టి, అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా తయారవడం సాధ్యం కాదని, అదే రక్తం తిరుగుతోందని ఆయన తేల్చాడు. నువ్వూ ఆ లెక్క వేయించు: దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు 70 దెబ్బలు. దగ్గరదగ్గర 5 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం మొత్తం కూడా ఇంచుమించు అంతే. అంకెలు ఇలా పనికొస్తేనే వాడు. 206 ఎముకలు అని రాసి వదిలేస్తే ఎవరికీ ఏమీ అందదు.

అన్నట్టు, సూది గుచ్చేటప్పుడు ‘నరం దొరకట్లేదు’ అంటారు. మీ వార్డులోనూ అంటూనే ఉంటారు. మాట్లాడేటప్పుడు పర్వాలేదు, రాసేటప్పుడు మాత్రం రక్తనాళాన్ని నరం అనకు. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటాయన్న వాక్యం దగ్గర పాఠకులు తికమకపడతారు.

సమస్థితికి నువ్వు రాసిన నిర్వచనం తీసేసి, మే నెల మధ్యాహ్నం కోఠిలో బస్సు కోసం నిలబడ్డ మనిషిని పెట్టు. బయట 42 డిగ్రీలు, ఒంట్లో 37 చుట్టుపక్కల. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు మన వేడి గాలిలోకి పోదు, గాలి వేడే మనలోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. మెదడులోని హైపోథాలమస్ చర్మంలోని రక్తనాళాలని వెడల్పు చేయిస్తుంది, చెమట పట్టిస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గేసరికి దాహం వేయిస్తుంది, ఏడీహెచ్ అనే హార్మోను ద్వారా నీళ్లు వదలొద్దని కిడ్నీలకి కబురు పెడుతుంది. మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. మన ఊరి ఎండ పొడి ఎండ, చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఎంత నీరు పోయిందో మనిషికి తెలియనే తెలియదు. విజయవాడలో గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుంది కానీ ఆరదు, కాబట్టి ఒళ్లు అంతగా చల్లబడదు. ఇదంతా చెప్పాక, ఇలా లోపలి పరిస్థితిని నిలబెట్టుకోవడానికి వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1926లో హోమియోస్టేసిస్ అని పేరు పెట్టాడని, మనం సమస్థితి అంటామని రాయి.

దాని వెనకే జ్వరం గురించి రాయి. జ్వరంలో, ఒళ్లు ఎంత వేడిగా ఉండాలని హైపోథాలమస్ పెట్టుకున్న లెక్కే పైకి మారుతుంది. లెక్క 39 అయింది, ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది. అందుకే చలి, వణుకు, రెండు దుప్పట్లు. పారాసెటమాల్ ఆ లెక్కని కిందికి దించుతుంది, అప్పుడు చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. వడదెబ్బలో లెక్క మారలేదు, వేడి బయటికి పోలేకపోయింది. అందుకే వడదెబ్బకి పారాసెటమాల్ పనిచేయదు. నీడకి చేర్చి, ఒంటిని తడిపి, గాలి తగిలేలా చూస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండింట్లోనూ థర్మామీటర్ ఎక్కువే చూపిస్తుంది, లోపల జరిగింది మాత్రం వేరు. శరీర ధర్మ శాస్త్రం ఇంట్లో వాళ్లకి ఎందుకు తెలియాలి అని అడిగేవాళ్లకి నేను ఈ ఒక్క ఉదాహరణే చెబుతాను.

హైదరాబాద్‌లో కూర్చుని రాస్తున్నావు కాబట్టి ఒకప్పుడు ఆపరేషన్లలో మత్తుకి వాడిన క్లోరోఫాం కథ కూడా నీకు తెలియాలి. 1888లో, మళ్లీ 1889లో ఇక్కడ దాన్ని పరీక్షించడానికి క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపల్, సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండోదానికి నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. ప్రశ్న ఒక్కటే: క్లోరోఫాం ఎక్కువై మనిషి పోయినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలన్నారు. కానీ 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చూపించాడు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది దేనివల్ల అన్న మూడు మాటల మీద మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి. నీ నాలుగో భాగంలో ‘వల్ల’ అని చాలాచోట్ల అలవాటుగా పడింది. ఒక్కోదాన్నీ వేలు పెట్టి చూడు. నిజంగా దానివల్లేనా, లేక దాని తర్వాతా?

గుండె పంపు, మెదడు కంప్యూటర్, కిడ్నీ ఫిల్టర్ లాంటి పోలికలు తగ్గించు. కిడ్నీ సంగతే తీసుకో. రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం రక్తం నుంచి వడకట్టబడి కిడ్నీ గొట్టాల్లోకి వస్తుంది. మూత్రంగా పోయేది ఒకటిన్నర లీటరు. మిగతాదంతా గ్లూకోజు, లవణాలతో సహా ఏరుకుని వెనక్కి తీసుకోవడమే అసలు పని. ఫిల్టర్ అనేసరికి ఆ సగం కనిపించకుండా పోతుంది.

మాటల ఎంపికలో నాకు పెద్ద పట్టింపు లేదు. ఆసుపత్రిలో వినపడే మాట ముందు రాయి, తెలుగు పాఠ్యపుస్తకంలో ఉన్న మాట ఒకసారి పరిచయం చెయ్యి. కిడ్నీ, మూత్రపిండం రెండూ మనవే. కణజాలాలు నాలుగు రకాలనే భాగం క్లుప్తంగా ఉంది, అలాగే ఉంచు.

తర్వాతి భాగం కిడ్నీ మీదే అన్నావు కదా. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూడటానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ రిపోర్టుతో మొదలుపెట్టు. ఆ క్రియాటినిన్ కండరాల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. కండరం ఎక్కువున్న వాళ్లకి అంకె కాస్త ఎక్కువ, బక్కపలచని ముసలివాళ్లకి తక్కువ ఎందుకుంటుందో అక్కడి నుంచి చెప్పుకుంటూ రా. బొమ్మలు అచ్చుకి పంపేముందు అనాటమీ చెప్పే లెక్చరర్ ఎవరికైనా చూపించు. రాశాక ఆ భాగం మీ అమ్మగారి చేత చదివించి, ఆవిడ ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో.