తండ్రి ఆదాయం మీద పిల్లల భవిష్యత్తు ఎంతవరకు ఆధారపడుతుంది?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కుటుంబంలో కళాశాలలో అడుగుపెట్టిన మొదటి వ్యక్తిని నేనే. ఆర్థిక అసమానతలు ఎక్కువగా ఉన్న దేశాల్లో పేదింటి పిల్లలు పైకి రావడం కష్టమనీ, డెన్మార్క్ వంటి దేశాల్లో అది తేలికనీ ఈమధ్య చదివాను. అప్పు చేసైనా అలాంటి దేశానికి వెళ్లి పీజీ చేయడం మంచిదా? ఉన్నచోటే ఉంటే ఎంత కష్టపడినా ఫలితం ఉండదా?

జవాబు: మీరు చదివిన విషయం నిజమే. అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహాదారుల మండలికి అధ్యక్షుడిగా ఉన్న అలన్ క్రూగర్, కెనడా ఆర్థికవేత్త మైల్స్ కోరాక్ సేకరించిన లెక్కల ఆధారంగా 2012లో ఒక రేఖాచిత్రాన్ని చూపించి ఈ చర్చకు ప్రాచుర్యం తెచ్చారు. అందులో ఒకవైపు ఆయా దేశాల అసమానత, మరోవైపు తండ్రి సంపాదనకూ కొడుకు సంపాదనకూ ఉన్న ముడి ఎంత గట్టిదో తెలిపే సంఖ్య ఉంటాయి. కోరాక్ అంచనాల ప్రకారం ఆ సంఖ్య డెన్మార్క్‌లో దాదాపు 0.15, కెనడాలో 0.19, అమెరికాలో 0.47, ఇటలీ, బ్రిటన్‌లలో 0.5, బ్రెజిల్‌లో 0.58. దీన్ని ఇలా అర్థం చేసుకోండి: ఇద్దరు తండ్రుల సంపాదనలో పది శాతం తేడా ఉంటే, వారి కొడుకుల సంపాదనలో సగటున బ్రిటన్‌లో ఐదు శాతం తేడా మిగులుతుంది, డెన్మార్క్‌లో ఒకటిన్నర శాతమే మిగులుతుంది.

అయితే మీరు తీసుకోబోయే నిర్ణయానికి ఈ సంఖ్య సరిపోదు. అది ఆ దేశంలో పుట్టి, అక్కడి శిశు సంరక్షణ కేంద్రాల్లో, బడుల్లో, ఆసుపత్రుల నీడలో పెరిగిన పిల్లలను కొలిచిన సంఖ్య. ఇరవై ఏళ్లు దాటాక విమానం దిగే విద్యార్థికి అది వర్తించదు. 1990లలో అమెరికాలో కొన్ని పేద కుటుంబాలకు పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు మారేందుకు ఇంటి అద్దె వోచర్లు ఇచ్చారు. 13 ఏళ్లు నిండకముందే అలా మారిన పిల్లలు, వోచర్లు అందని కుటుంబాల పిల్లలకన్నా ఇరవైల నడి వయసులో సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారని ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం తర్వాత లెక్కించింది. మారేనాటికే అంతకన్నా పెద్దవారైన పిల్లల్లో ఆ లాభం కనిపించలేదు. అంటే చోటు మారడం వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం చిన్న వయసులోనే అందుతుంది.

రెండో సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే దీన్ని గమనించకుండానే చాలామంది అప్పు పత్రాల మీద సంతకం చేస్తారు. డెన్మార్క్‌లో ఆదాయాల మధ్య తేడా తక్కువగా ఉండటానికి వేతనాలు దగ్గర దగ్గరగా ఉండటం, పన్నులు, సంక్షేమ చెల్లింపులు పెద్ద కారణాలు. తల్లిదండ్రుల చదువుకూ పిల్లల చదువుకూ ఉన్న సంబంధం మాత్రం అక్కడ అమెరికాలో ఉన్నంత బలంగానే ఉందని లాండెర్సో, హెక్‌మన్ అనే పరిశోధకులు 2017లో చూపించారు. నిచ్చెన మెట్లు దగ్గరగా ఉన్నచోట ఎక్కడం సులువే, కానీ ఒక మెట్టు ఎక్కితే దక్కే ఎత్తు కూడా తక్కువే. పైగా ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థుల నుంచి డెన్మార్క్ 2006 నుంచి, స్వీడన్ 2011 నుంచి, ఫిన్లాండ్ 2017 నుంచి, నార్వే 2023 నుంచి ఫీజు వసూలు చేస్తున్నాయి. స్థానిక పిల్లలకు ఉచితంగా దొరికే చదువును మీరు ఆ దేశాల వెలుపలి నుంచి అప్పుతో కొనుక్కుంటే, వారికి పనిచేసిన ఏర్పాటు మీకు అదే విధంగా పనిచేయదు.

ఇక మీ రెండో ప్రశ్న నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పేద కుటుంబం సగటు ఆదాయాన్ని చేరడానికి తన సభ్య దేశాల్లో సగటున నాలుగైదు తరాలు, డెన్మార్క్‌లో రెండు, బ్రెజిల్‌లో తొమ్మిది, కొలంబియాలో పదకొండు తరాలు పట్టవచ్చని ఎక్కువగా సంపన్న దేశాలే సభ్యులైన ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2018లో చెప్పింది. ఇది ఇప్పటి ముడి ఇలాగే కొనసాగితే అన్న ఊహ మీద వేసిన సగటు లెక్క. ఏ ఒక్కరి దారినీ ఇది చెప్పదు. అలాగని కష్టపడితే చాలు, అన్నీ వస్తాయని కూడా నేను చెప్పను. రోజంతా కష్టపడినా పైకి రాలేకపోయిన తల్లిదండ్రులను ఆ మాట అవమానిస్తుంది.

తల్లిదండ్రుల ఆదాయం పిల్లలకు ఏ రూపంలో చేరుతుందో చూడటమే మీకు ఉపయోగం. డబ్బు, సమాచారం, పరిచయాలు, విఫలమైనా నిలదొక్కుకునే వెసులుబాటు అన్న రూపాల్లో అది చేరుతుంది. ముడి సడలిన దేశమైన కెనడాలోనే సుమారు 40 శాతం యువకులు ఏదో ఒక దశలో తమ తండ్రికి ఉద్యోగమిచ్చిన యజమాని వద్దే పనిచేశారని కోరాక్, పిరైనోల అధ్యయనం చెబుతోంది. అత్యధిక ఆదాయం గల ఒక శాతం కుటుంబాల్లో అది దాదాపు 70 శాతం. కాబట్టి మీ రంగంలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులను అధ్యాపకుల ద్వారా ఈ నెలలోనే పలకరించండి. వారి తొలి జీతం, ఎంపిక జరిగిన తీరు, వారు చేసిన పొరపాట్లు అడగండి. పరిచయాలతో కాక బహిరంగ పరీక్షతో నియామకాలు జరిపే కొలువులకు, ఉద్యోగంలో చేర్చుకుని శిక్షణ ఇచ్చే సంస్థలకు ముందు దరఖాస్తు చేయండి.

వెసులుబాటు విషయంలో నా సలహా కఠినంగా తోచవచ్చు. ఇంట్లో ఆసరా ఉన్నవారు మూడేళ్లు ఫలితం లేకుండా ఎదురుచూడగలరు, మీరు అలా చూడలేరు. అందుకే పోటీ పరీక్షలకైనా, విదేశీ ప్రవేశాలకైనా ముందుగానే ఒక గడువు పెట్టుకోండి. పూర్తి ఫీజు, జీవన ఖర్చు భరించే స్కాలర్‌షిప్ వస్తే ఏ దేశమైనా నిస్సంకోచంగా వెళ్లండి. ఇంటి ఆస్తిని తాకట్టు పెట్టవలసి వస్తే మాత్రం రెండేళ్లు ఉద్యోగం చేశాక ఆలోచించండి.

మీరు ఏ సబ్జెక్టు చదువుతున్నదీ, ఎంత అప్పు అనుకుంటున్నదీ రాయలేదు. కోర్సు ముగిశాక అక్కడ పనిచేసేందుకు ఎంతకాలం అనుమతి ఉంటుందో కనుక్కుని, ఆ రెండు వివరాలతో కలిపి పంపితే నెలవారీ కిస్తీని, రాగల జీతాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.